డాక్టరు గారి బండి

పాత ఓమ్నీ వ్యానుకి డ్యాష్‌బోర్డు ఊడదీయడం పెద్ద విద్యేం కాదు, ఓపికుంటే ఎవడైనా ఊడదీస్తాడు. తిరిగి బిగించడమే విద్య. ఏ వైరు ఏ సందులోంచి వచ్చిందో, ఏ స్క్రూ పొడుగుదో ఏది పొట్టిదో గుర్తుండాలి. లేకపోతే హారన్ నొక్కితే వైపరు ఆడుతుంది. మా పేటలో ఆ విద్య తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు. (చిలకలూరిపేట అని నిండుగా పలికేది పొరుగూరివాళ్లూ, బస్టాండు మైకూ. మాకు పేట అంటే చాలు.) హైవే వారన షెడ్ల వెనక సందులో ఆయనది రేకుల కొట్టు. లారీల వైరింగూ, ట్రాక్టర్ల సెల్ఫులూ ఏడాది పొడుగునా ఉండే పని. శివరాత్రి దగ్గరపడిందంటే మాత్రం బండ్లవాళ్లని పలకరించడు. కోటప్పకొండ తిరునాళ్లకి మా చుట్టుపక్కల ఊళ్లు కట్టే విద్యుత్ ప్రభలకి బల్బులు బిగిస్తూ ఆకాశంలో ఉంటాడు. ఆయన కిందికి దిగేదాకా పేటలో సగం బండ్లు ఒంటికన్నుతోనే తిరుగుతుంటాయి.

ఆయన కొట్లో ఇంకో పని కూడా జరిగేది. బోర్డు మీద రాసి ఉండదు గానీ కావలసినవాళ్లకి తెలుసు. మీటరు వెనక్కి తిప్పడం.

బండి ఎంత దూరం తిరిగిందో కొలవాలన్న ఆలోచన ఇప్పటిది కాదు. రెండు వేల ఏళ్ల కిందట విట్రూవియస్ అనే రోమన్ ఇంజినీరు, బండి చక్రానికి పళ్లచక్రాలు తగిలించి మైలుకో గులకరాయి డబ్బాలో పడే ఏర్పాటు ఒకటి తన పుస్తకంలో వర్ణించాడు. దిగాక రాళ్లు లెక్కపెట్టుకుంటే ఎన్ని మైళ్లొచ్చామో తెలుస్తుంది. అందులోంచి నాలుగు రాళ్లు తీసి పారేద్దామన్న ఆలోచన మొదట ఏ బండివాడికొచ్చిందో చరిత్రకెక్కలేదు. అమెరికావాళ్లయితే 1972లో చట్టం చేసి మరీ మీటరు తిప్పడం నేరమన్నారు. మన దగ్గర అది మోసం కిందికి వస్తుంది. నిన్నమొన్నటిదాకా సెక్షన్ 420, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318. ఇంతకాలం నోటికి అలవాటైన తిట్టు ఒకటి చట్టంలోంచి లేచిపోయింది. జనం నోట్లోంచి పోవడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది లెండి.

కథలోని పెద్దమనిషిది పురుగుమందులూ విత్తనాలూ అమ్మే కొట్టు. ఆయనకో గట్టి నమ్మకం, లోకంలో తను తప్ప అందరూ మోసపోతారని. గుంటూరు మిర్చి యార్డుకి వెళితే టిక్కీలు తూచేటప్పుడు ముల్లు చూడడు, కాటావాడి కాలు ఎక్కడుందో చూస్తాడు. కొడుక్కి పెళ్లిచూపులకి వెళితే పిల్ల మొహం తర్వాత, ముందు చెప్పుల మడమ ఎత్తు చూస్తాడు. “నన్ను మోసం చెయ్యాలంటే మా అమ్మ కడుపునే ఇంకోడు పుట్టాలి” అనేది ఆయన ఊతపదం. ఆయన తమ్ముడు ఆ మాట వింటూ పక్కనే కూర్చునేవాడు.

ఓమ్నీని ఆయన 2009లో కొన్నాడు. 2002 మోడలు, తెల్లరంగు. బ్రోకరు తెచ్చి కొట్టు ముందు ఆపాడు. ముందు అద్దం మీద ఎర్ర ప్లస్ గుర్తు స్టిక్కరు. మీటరు ఇరవై ఒక్క వేల చిల్లర చూపిస్తోంది.

“నరసరావుపేటలో డాక్టరు గారి బండండీ. ఇంటికీ ఆసుపత్రికీ తప్ప ఇంకో దారి ఎరగదు.”

“డాక్టరు గారేరి?”

“ఆపరేషన్లో ఉన్నారండీ.”

సి-బుక్కులో పేరు ఇంకెవరిదో ఉంది. అదేమని అడిగితే, “ఇన్‌కంటాక్సు గొడవలని కాంపౌండరు పేరు మీద పెట్టుకున్నారండీ” అన్నాడు బ్రోకరు. కొట్టాయన మెచ్చుకోలుగా తలూపాడు. చదువుకున్నవాడంటే అట్టా ఉండాలి అనుకున్నాడు. టైర్లు గిల్లాడు, సీటెత్తి ఇంజను చూశాడు, చెప్పిన ధరలో ఎనిమిది వేలు కోసి కొన్నాడు. నరసరావుపేట పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు, ఆయన వెళ్లి డాక్టరు ఎవరో కనుక్కోలేదు. వెళ్లి ఉంటే ఈ కథ లేదు.

స్టిక్కరు మాత్రం పీకలేదు. చెక్‌పోస్టులో పోలీసు ఆ ప్లస్సు చూసి చెయ్యూపి పంపేస్తాడని కొన్న వారంలోనే తెలిసింది మరి.

ఓమ్నీ సంగతి తెలియనివాళ్లు ఉండరు. 1984లో మారుతి వ్యాన్ పేరుతో దిగింది, 1988లో ఓమ్నీ అయింది. 796 సీసీ ఇంజను ముందు సీట్ల కిందే, అందుకే ఎండాకాలం డ్రైవరు కింద కుంపటి మీద కూర్చున్నట్టుంటుంది. జారుడు తలుపు ఉన్న పాపానికి సినిమావాళ్లు దాన్ని హీరోయిన్లని ఎత్తుకుపోయే బండిగా ముద్రవేశారు. బయట అది చేసినవన్నీ సంసారపక్షం పనులే, పాలు పోయడం, పిల్లల్ని బడికి దింపడం, పెళ్లికి వంటపాత్రలు మోయడం. కొట్టాయన దాంట్లో పదేళ్లు పత్తి విత్తనాల పెట్టెలూ, పురుగుమందు డబ్బాలూ తోలాడు. ఈ బండి తలుపుకి ఒక రోగం ఉంది. హ్యాండిల్ పట్టి లాగితే రాదు. కింద మోకాలితో ఒక పోటు పొడిచి, కాస్త పైకెత్తి, అప్పుడు లాగాలి. ఆ కిటుకు కొట్టాయనకీ ఆయన గుమాస్తాకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

2019 వేసవిలో, కొత్త భద్రతా నిబంధనలకి ఒదగదని ఓమ్నీ తయారీ ఆపేశారన్న వార్త వచ్చింది. కొత్తవి రావనేసరికి పాతవాటికి గిరాకీ పుట్టింది. అమ్మితే ఇప్పుడే అమ్మాలి అనుకున్నాడు కొట్టాయన. దానికి రెండు అడ్డంకులు. ఒకటి, ఎలకలు వైర్లు కొరికి లైట్లు ఒకటి వెలిగితే ఒకటి వెలగడం లేదు. రెండు, మీటరు ఎనభై ఎనిమిది వేలు దాటింది.

ప్రభల పని ఎప్పుడో ముగిసింది కాబట్టి మేస్త్రి నేల మీదే దొరికాడు. పక్కన టీకొట్టు బల్ల మీద నేనున్నాను కాబట్టి ఈ భాగం చెవులారా విన్నదే.

“లైట్లు బాగుచెయ్యి. దాంతోపాటు మీటరు నలభై ఎనిమిదికి దించు.”

“ఎనభై ఎనిమిదే గదండీ. ఇంకా లక్ష గూడా కాలేదుగా.”

“డబ్బా మీద తేదీ ఎట్టాగో బండికి మీటరు అట్టాగయ్యా. కొనేవాడు చదివేది అదొక్కటే.”

పురుగుమందులు అమ్మే మనిషి నోట ఆ మాట వినేసరికి మేస్త్రి చేతిలో స్పానరు ఒక్క క్షణం ఆగింది. ఆయనకీ రెండెకరాల పత్తి ఉంది, డబ్బాలన్నీ ఈ కొట్లోనే కొంటాడు.

“లైట్లకి వెయ్యి. మీటరుకి పదిహేనొందలు.”

“మీటరుకి వెయ్యి చేసుకో.”

“ఎలకలు కొరికినదానికి బేరం ఆడండి, ఇస్తా. దీనికి బేరం లేదు.”

మీటరు ఒక్కటే అయితే నాలుగు స్క్రూలతో పోయేది. కానీ వైర్లు లోపల ఫ్యూజు బాక్సు దాకా తెగాయి కాబట్టి డ్యాష్‌బోర్డు మొత్తం దించాల్సిందే అన్నాడు మేస్త్రి. ముందు బ్యాటరీ ఎర్తు తీసి పక్కన పెట్టాడు. స్టీరింగు మధ్యలో హారన్ మూత లేపి, నట్టు వదులు చేసి, చక్రాన్ని రెండు చేతులతో కుడీ ఎడమా ఊపుతూ ఊడదీశాడు. నట్టు పూర్తిగా విప్పకుండా రెండు మరలు మిగల్చడం అనుభవం. లేకపోతే చక్రం ఒక్కసారిగా ఊడొచ్చి మూతి పగలగొడుతుంది. తర్వాత స్టీరింగు రాడ్డు బోల్టులు విప్పి రాడ్డుని కిందికి వాల్చాడు. హెల్పరు కుర్రాడు స్టీలు పళ్లెం పట్టుకుని కూర్చున్నాడు. తీసిన స్క్రూ తీసిన వరసలోనే పళ్లెం అంచున పేర్చాలి, అటూఇటూ అయితే తల మీద మొట్టికాయ పడుతుంది.

“అన్నా, ఎనిమిది బొక్కలకి అయిదే స్క్రూలున్నయి” అన్నాడు కుర్రాడు.

మేస్త్రి ఒక స్క్రూని వేళ్ల మధ్య తిప్పి వెలుతురుకి పెట్టి చూశాడు. “దీన్ని ఇంతకుముందు ఎవరో విప్పారండీ.”

“నా దగ్గర విప్పలేదు. అంతకుముందంటావా, అసంభవం. డాక్టరు గారు షోరూములో తప్ప ఎవర్నీ చెయ్యి పెట్టనియ్యలేదు.”

మేస్త్రి మారు మాట్లాడలేదు. ఆ స్క్రూని పళ్లెంలో వెయ్యకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు.

మీటరు వెనక చెయ్యి దూర్చి, కళ్లు పైకి పెట్టి, కేబులు కొసన ఉన్న నొక్కు వేలితో వెతికి ఊడదీశాడు. కప్లర్లు ఒక్కొక్కటీ టక్కుమని వదిలాయి. చివరికి ఇద్దరూ రెండు పక్కలా పట్టుకుని డ్యాష్‌బోర్డుని ఎత్తి కింద పెట్టారు. అది పోతే పాత ఓమ్నీ ముందు భాగం చూడ్డానికి దిగులుగా ఉంటుంది. అద్దం కింద రేకు, రేకు మీద దుమ్ము, దుమ్ములో రంగురంగుల పేగులు. మూలన ఎలక గూడు. మెత్తగా దూది, అందులో విత్తనాల ప్యాకెట్ల ముక్కలు, మధ్యలో మందు పట్టించిన గులాబిరంగు పత్తి గింజలు గుప్పెడు.

“చూశావా, దీనికి ఇల్లు కట్టింది గూడా నా సరుకుతోనే” అన్నాడు కొట్టాయన గర్వంగా.

“కట్టుకుందే గానీ, ఒక్క గింజ గూడా తినలేదండీ” అన్నాడు కుర్రాడు.

మేస్త్రి మీటరుని బల్ల మీద బోర్లా పెట్టాడు. దాని వెనక ప్లాస్టిక్కు మీద నల్ల మార్కరుతో ఒక వరస రాసి ఉంది. కొట్టాయన కళ్లజోడు సవరించుకుని పైకే చదివాడు.

“12-6-09. తొంభై మూడు వేల ఆరొందలు. గీత. ఇరవై ఒక్క వేల మూడొందలు. మూడొందల రూపాయలు.”

చదవడం అయిపోయాక కూడా ఆయన వంగిన నడుం లేవలేదు. ఆయన బండి కొన్నది ఆ జూన్ 15న. లెక్కల మనిషి కాబట్టి మిగతాది కాగితం లేకుండానే కూడాడు. తొంభై మూడు వేల మీద తన అరవై ఏడు వేలు. లక్షా అరవై. పదేళ్లుగా తను కూర్చుని తోలింది డాక్టరు గారి బండి కాదు, ఒక ముసలి గొడ్డు.

“ఈ రాత ఎవడిది?”

“నాదేనండీ” అన్నాడు మేస్త్రి. దాచిపెట్టాలన్న ఆలోచన కూడా లేదు ఆ గొంతులో. జేబులో స్క్రూ తీసి బల్ల మీద పెట్టాడు. “స్క్రూ చూసినప్పుడే అనుకున్నా. ఈ తలకాయ స్క్రూలు మన కొట్లోయే.”

“రాసి పెట్టుకోడం దేనికి?”

“తిప్పిన బండి మళ్లీ రిపేరుకి నా దగ్గరికే వస్తదండీ. ముందున్న అంకె నమ్మి పని చేస్తే నేను మునుగుతా. అసలు లెక్క నాక్కావాలి గదా.”

“మరి అప్పుడే నాకు చెప్పి చావొచ్చుగా!”

“అప్పుడు కొనేది మీరని నాకేం తెలుసండీ? ఇప్పుడు కొనేదెవరో నాకు తెలుసా?”

టీకొట్టు దగ్గర గ్లాసుల చప్పుడు ఆగింది. కొట్టాయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “నరసరావుపేట డాక్టరు, అంత చదువుకున్నాయన, ఇంత పని చేశాడా!”

“డాక్టరెవరండీ?” అన్నాడు మేస్త్రి నిజంగానే ఆశ్చర్యపోయి. “మిరపకోతకి కూలీల్ని తోలిన బండి ఇది. తెల్లారుజామున డజను మందిని కూరుకుని పొలాలెమ్మట తిరిగేది. డ్రైవరే ఓనరు. ఆ ప్లస్సు గూడా ఆ రోజే, ఇదుగో, ఈ పక్క రేడియం కొట్లో అంటించుకున్నాడు. ఇరవై రూపాయలు.”

కొట్టాయన ఎదురుగా అద్దం మీద ప్లస్సు వంక చూశాడు. పదేళ్లలో ఎన్ని చెక్‌పోస్టులు దాటించిందో అది. తర్వాత ఒక్కసారిగా లేచాడు. కేసు పెడతానన్నాడు. బ్రోకర్నీ డ్రైవర్నీ మేస్త్రినీ కలిపి ఫోర్‌ట్వంటీ కింద లోపల వేయిస్తానన్నాడు.

“పెట్టండి” అన్నాడు మేస్త్రి, తెగిన వైరు కొస గీకుతూ. “ఇవాళ మీరెందుకొచ్చారో గూడా అందులో రాయించండి.”

ఇక్కడ ఈయన మారతాడని నేననుకున్నాను. కథలు ఎక్కువ చదివినవాళ్లకి వచ్చే జబ్బు అది. కొట్టాయన ఒక టీ తాగాడు, ఇంకో టీ తాగాడు, లేచి వెళ్లి మేస్త్రి చెవి దగ్గర వంగాడు.

“నలభై ఎనిమిది వద్దు. నలభై రెండు చెయ్యి. నాకు పోయింది నాకు రావద్దూ?”

“అట్టాగే.”

“ఆ వెనక రాసింది తుడిచెయ్యి.”

“ఊఁ” అన్నాడు మేస్త్రి. ఆ ఊఁకి అర్థం పేటలో అందరికీ తెలుసు.

రోల్డ్ డాల్ అనే ఇంగ్లీషు రచయిత 1988లో రాసిన ‘మెటిల్డా’ అనే పిల్లల నవలలో, ఆ పిల్ల తండ్రి పాత కార్ల వ్యాపారి. మీటరు కేబులుకి కరెంటు డ్రిల్లు తగిలించి అంకెలు వెనక్కి పరిగెత్తిస్తాడు. మా మేస్త్రికి అంత ఆర్భాటం లేదు. ముందు అద్దం మూత విప్పి, ముల్లు మెల్లగా లేపి, అంకెల చక్రాల మధ్య ఉండే చిన్న పళ్లచక్రాన్ని గుండుసూదితో పక్కకి నెట్టి, ఒక్కో చక్రాన్ని గోటితో తిప్పుతాడు. తిప్పడం సులువు. అంకెలన్నీ ఒకే గీత మీద నిలబెట్టడం కష్టం. ఒక్కటి ఒకవైపు ఒరిగినా తెలిసినవాడి కంటికి దొరికిపోతుంది. నలభై రెండు వేల ఒక వంద దగ్గర ఆయన కళ్లు చికిలించి చూసి, ఒకటిని వెంట్రుకవాసి కిందికి దించాడు. మూత బిగించాక మీటరుని బోర్లా తిప్పి, పాత వరస కింద కొత్త తేదీ వేసి, రెండో వరస రాసుకున్నాడు. కొట్టాయన అప్పుడు ఫోనులో ఉన్నాడు.

బిగించడానికి సాయంత్రమైంది. తెగిన వైర్లు అతికి టేపు చుట్టారు, ఎలక వచ్చిన బొక్కకి రేకు కొట్టారు. కేబులు కొస మీటరులో సరిగ్గా కూర్చోకపోతే ముల్లు వణుకుతుంది, అందుకని మూడుసార్లు తీసి పెట్టాడు. ఈసారి ఎనిమిది బొక్కలకీ ఎనిమిది స్క్రూలు పడ్డాయి. కుర్రాడు వెనక్కెళ్లి “రైటు... లెఫ్టు... బ్రేకు...” అని అరుస్తుంటే లైట్లన్నీ వరసగా వెలిగాయి. చూడ్డానికి బండి పదేళ్లు చిన్నదైంది. ఆ మాట మాత్రం ఎవరూ అబద్ధం అనలేరు.

తర్వాత సంగతి గుమాస్తా చెప్పాడు, అతను అక్కడే ఉన్నాడు.

మార్టూరు నుంచి ఒక కుర్రాడు బేరానికొచ్చాడు. అక్కడ గ్రానైటు ఫ్యాక్టరీల దగ్గర పనివాళ్లకి టిఫిన్లు అమ్ముకుంటాడట, బండి మీద కావాలి. డబ్బు అప్పుచేసి తెచ్చుకున్నాడు. తనకి బండ్ల సంగతి తెలియదని పెదనాన్నని వెంటబెట్టుకొచ్చాడు. నెరిసిన మీసం, మోకాళ్ల దాకా లుంగీ, బండ్ల మీదే ముసలైన మనిషి.

కొట్టాయన కుర్రాణ్ణి వదిలేసి పెద్దాయన్నే పట్టుకున్నాడు. మేకని కొనేవాడికన్నా మేకని చూసేవాణ్ణి ఒప్పించాలని ఆయనకి తెలుసు.

“చూడు పెద్దాయనా, లైట్లు చూడు, డ్యాష్‌బోర్డు చూడు, ఒక్క గీత పడలేదు. మీటరు చూడు. నలభై రెండు వేలు. పదిహేడేళ్ల బండికి నలభై రెండు వేలంటే యాడన్నా విన్నావా?”

పెద్దాయన మీటరు వైపు చూడనే లేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు అద్దం దగ్గర ఆగి, ఎండకి రంగు వెలిసిన ప్లస్సు మీద బొటనవేలితో రుద్దాడు. పక్కకొచ్చాడు. జారుడు తలుపుకి మోకాలితో కింద ఒక పోటు పొడిచి, కాస్త పైకెత్తి, లాగాడు. తలుపు సర్రున తెరుచుకుంది.

గుమాస్తా గుండె గుభేలుమందట. కొట్టాయన మాత్రం మాటల ఊపులో ఉన్నాడు.

“ఎంత నున్నగా జారిందో చూశావా! ఊరికే చెప్పట్లేదు. నరసరావుపేటలో డాక్టరు గారి బండి ఇది. ఇంటికీ ఆసుపత్రికీ తప్ప ఇంకో దారి ఎరగదు.”

పెద్దాయన తలుపు నెమ్మదిగా మూసి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

“ఎరుగుదునండీ. ఆ డాక్టర్ని నేనే.”